మందిరం బయట నిలబడగలిగేదెవరు?

(స్మారకోపన్యాస పాఠం)

మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఊళ్లో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలిచి ఎరగరు కనుక నేనూ మాస్టారు అనే అంటాను. తెలుగు పాఠాలు చెప్పి బతికారు. సంఘానికి సెక్రటరీగా లెక్కలు రాశారు, ఆ లెక్కల కోసమే వచ్చిన ప్రతి పాస్టరుతోనూ తగాదా పడ్డారు. కొందరితో మాటలే ఉండేవి కావు. అయినా ఆదివారం ఆయన బల్ల ఖాళీగా కనిపించేది కాదు. ఇంత కోపం పెట్టుకుని ఎందుకొస్తారు మాస్టారూ అని ఎవరైనా అడిగితే, "కోపం పాస్టరు ఖాతా, రావడం దేవుడి ఖాతా. నేను లెక్కలు కలపను" అనేవారు. మాట బాగుంది. అయితే అడిగినవాడికి అది పూర్తి జవాబు కాదు. ఆ మిగిలిన జవాబు కోసమే ఈ సాయంత్రం మాట్లాడదామని వచ్చాను.

మన ఇళ్లలో చదువుకున్న పిల్లలు, హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, ఈమధ్య ఒక మాట అంటున్నారు. "యేసు ప్రభువును నమ్ముతాను, చర్చితో నాకు పని లేదు." వాళ్లకు కారణాలున్నాయి. మిషను కాంపౌండు స్థలాలు చేతులు మారిన కథలు వాళ్లకు తెలుసు. సంఘం ఎన్నికల్లో కులం చూసి ఓట్లు వేయడం తెలుసు. బిషప్పు కుర్చీ కోసం కోర్టులకెక్కిన సంగతి పేపర్లోనే చదువుతారు. వీటిలో ఒక్కటి కూడా అబద్ధమని నేను వాదించను. నేను అడిగేది ఒకటే. చర్చితో పని లేదని అనగలిగే వీలు ఎవరికుంది, ఎవరికి లేదు?

ఈ వాదానికి పడమటి దేశాల్లో పేరుమోసిన వకీలు సోరెన్ కియెర్కెగార్. ఆనాటి డెన్మార్కులో లూథరన్ సంఘం రాజ్యంలో ఒక శాఖ, పాస్టరు రాజుగారి ఉద్యోగి. బిడ్డ పుడితే చాలు, రిజిస్టరులో క్రైస్తవుడైపోయేవాడు. 1854లో బిషప్ మిన్‌స్టర్ చనిపోతే, ఆయన సత్యానికి సాక్షిగా నిలిచాడని పీఠం మీంచి పొగిడారు. కియెర్కెగార్‌కు అది మింగుడు పడలేదు. జీతం, మర్యాద, రాజుగారి ప్రాపకం అన్నీ అనుభవించి పోయిన మనిషిని హతసాక్షుల వరసలో ఎలా నిలబెడతారని నిలదీశాడు. పత్రికల్లో రాశాడు, సొంత డబ్బుతో కరపత్రాలు వేశాడు. 1855 నవంబరులో ఆస్పత్రి మంచం మీద, ప్రభు సంస్కారం పాస్టరు చేతి మీదుగా పుచ్చుకోనన్నాడు. మామూలు విశ్వాసి ఎవరైనా ఇస్తే పుచ్చుకుంటానన్నాడు. అలా కుదరదన్నారు. పుచ్చుకోకుండానే పోయాడు. చివరికి అంత్యక్రియలు జరిపింది మళ్లీ ఆ సంఘమే. సమాధి దగ్గర మేనల్లుడు లేచి, బతికుండగా ఈయన వద్దన్న పని చచ్చాక చేస్తున్నారేమని అడ్డం తిరిగాడు.

అందరూ పుట్టుకతోనే క్రైస్తవులైన చోట, బయటికి నడవడమే విశ్వాసానికి గుర్తు కావచ్చు. కియెర్కెగార్ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కాని ఆయన మాట పట్టుకొచ్చి కృష్ణా డెల్టాలోనో ప్రకాశం జిల్లా మాదిగపల్లెలోనో పెడితే, అదే మాటకు అర్థం మారిపోతుంది.

మన దగ్గర ఆ వాదాన్ని అందరికంటే గట్టిగా వినిపించినవాడు కలగర సుబ్బారావు. 1912లో పుట్టాడు, 1981లో పోయాడు. మునిపల్లె ఆయన ఊరు. కమ్మవారి కుటుంబం, చదువుకున్న మనిషి. పాదిరీలంటే గిట్టేది కాదు. అలాంటివాడికి 1942లో క్రీస్తు దర్శనమైంది. అయిందని ఆయన చెప్పాడు, కాలేదనడానికి నా దగ్గర సాధనం లేదు. అప్పటినుంచి రోగుల కోసం ప్రార్థన చేశాడు, క్రీస్తును గురువుగా కొలుస్తూ తెలుగులో పాటలు కట్టాడు. జనం బళ్లు కట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లలో మందిరం గడప తొక్కని పై కులాలవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన వాళ్లను సంఘంలో చేరమనలేదు. బాప్తిస్మం ఎందుకన్నాడు. నీళ్లలో మునిగితే లోపలి మనిషి మారడు, పాదిరీ పుస్తకంలో పేరు మాత్రం ఎక్కుతుందన్నది ఆయన వాదం. "రిట్రీట్, పాద్రీ!" అని ఏకంగా ఒక పుస్తకానికి పేరు పెట్టాడు. పాదిరీని వెనక్కి తగ్గమనడం, క్రీస్తును మాత్రం ముందుకు రమ్మనడం, ఇదీ ఆయన ధోరణి.

దీన్ని పిచ్చి అని కొట్టేయడానికి లేదు. బెంగుళూరులో చర్చి చరిత్ర చెప్పే డేనిష్ పండితుడు కాయ్ బాగో, 1968లో సుబ్బారావు చుట్టూ పెరిగిన ఈ ఉద్యమం మీద ఒక పుస్తకమే రాశాడు. క్రీస్తువాడు కావాలంటే హిందువు ముందు క్రైస్తవ మతస్థుడు కావాలా అని బాగో అడిగాడు. మరుసటి ఏడే దక్షిణ ఇండియా సంఘం బిషప్పు లెస్లీ న్యూబిగిన్ దానికి జవాబు రాశాడు. క్రీస్తుకు కట్టుబడ్డవాడు, ఆయనకు కట్టుబడ్డ తక్కిన మనుషులతో కంటికి కనిపించే బంధం పెట్టుకోకుండా ఎలా ఉంటాడని ఆయన ప్రశ్న. ఇద్దరూ పెద్దవాళ్లు. ఇద్దరి వాదాలూ వేదాంత కళాశాలల్లో ఇప్పటికీ చదివిస్తారు. నాకు ఆశ్చర్యం ఒకటే. కులం ప్రసక్తి వాళ్లకు తెలియక కాదు, అయినా వాదం ఎక్కువగా వేదాంతం మీదే నడిచింది. మన పల్లెల్లో ఎవరినడిగినా ముందు ఇంకో సంగతి చెప్పేవారు.

సుబ్బారావు మందిరం బయట నిలబడ్డాడు. నిలబడ్డ చోటు ఏది? సొంత ఊరు. ఇల్లు అక్కడే, బంధువులు అక్కడే. పిల్లల పెళ్లికి మనుషులు వస్తారు, చావుకు మోసేవాళ్లుంటారు. బాప్తిస్మం తీసుకుని, పల్లె వాళ్లతో కలిసి ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నెలోది తాగితే అవన్నీ కదిలేవి. తీసుకోకపోతే ఏదీ కదలదు. ఆయన విశ్వాసంలో లోటుందని కాదు నేననేది. ఆయన దగ్గరికి వచ్చిన పై కులాల భక్తులకు వ్యక్తిగత విశ్వాసం అంత అనుకూలంగా ఎందుకు ఉందో చెబుతున్నాను. మనసులో క్రీస్తు, వీధిలో కులం. రెండూ ఒకే ఇంట్లో తగాదా లేకుండా కాపురం చేయగలిగాయి.

ఇప్పుడు ఒంగోలు వైపు నడుద్దాం. అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగేవాడు. క్రైస్తవం పేరు వినకముందే దేవుణ్ని వెతికినవాడు. గురువుల దగ్గర కూర్చున్నాడు, రాజయోగం అభ్యాసం చేశాడు. మాదిగపల్లెల్లో అలాంటి గురుశిష్య పరంపరలు, యోగమార్గాలు ఎన్ని ఉండేవో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన "వైల్ సోయింగ్ శాండల్స్" అనే పుస్తకంలో ఉంది. చెప్పులు కుడుతూ తత్త్వం మాట్లాడుకునే మనుషుల కథ అది. మిషనరీ పుస్తకాల్లో మన పల్లె మనుషుల్ని మనుషులుగా చూసినవి తక్కువ. ఇది ఆ తక్కువలో ఒకటి, తెలుగులో ఇంకా ఎక్కువమంది చదవాల్సింది. అంతరంగ శోధన అనేది చదువుకున్నవాళ్ల సొత్తు అనుకునేవారు పేరయ్య కథ చదవాలి. ఆయన విశ్వాసం సుబ్బారావు విశ్వాసమంత వ్యక్తిగతమైనదే.

పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. ఇచ్చినవాడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. తర్వాత పేరయ్య ఏం చేశాడు? ఇంట్లో ధ్యానం చేసుకుంటూ కూర్చోలేదు. పల్లె పల్లెకూ తిరిగి మనుషుల్ని కూడగట్టాడు. మరుసటి ఏడు జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమంది సభ్యులతో మొదలైంది. అప్పటికి క్లౌ బడిలో పై కులాల పిల్లలు కూడా ఉన్నారు. మాదిగలు వస్తే మేము రామని వాళ్లు చెప్పారు. క్లౌ, ఆయన భార్య ఆలోచించి, రానివాళ్లను పోనిచ్చారు. దొరకు అది సులభమైన నిర్ణయం కాదు. ఊళ్లో పెద్దమనుషుల పిల్లలు బడిలో ఉంటే మిషనుకు వచ్చే పేరు వేరు.

పల్లెల్లో చేరేవాళ్లకు పెట్టిన కట్టుబాట్లు మూడే. ఆదివారం పనికి పోవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు. ఇవి వినడానికి మతం పెట్టే చిన్న చిన్న నిషేధాల్లా ఉన్నాయి, నిజానికి వీటితో ఊరి వ్యవస్థ కాలు విరుగుతుంది. ఆదివారం పనికి పోకపోతే ఆసామికి కోపం. చచ్చిన గొడ్డు జోలికి పోకపోతే అది ఊళ్లోనే కుళ్లుతుంది. జాతరలో డప్పు కొట్టకపోతే అమ్మవారి కొలుపు ఆగుతుంది. కరణానికీ, మునసబుకూ ఒళ్లు మండింది. బావులు మూశారు, పనులు మాన్పించారు, కొట్టారు.

ఇక్కడ ఆలోచించండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఒంటరి మనిషి చేయగలడా? ఒక్క మాదిగవాడు డప్పు కొట్టనంటే రాత్రికి రాత్రి అతణ్ని విరగ్గొట్టి, పక్కింటివాడి చేత కొట్టిస్తారు. పల్లె మొత్తం కొట్టనంటే బేరానికి రావాలి. మనస్సాక్షి ఒకరిదే అయినా, దాన్ని వీధిలో నిలబెట్టడానికి నలభై ఇళ్లు కావాలి. రిజిస్టరు కావాలి, తాలూకా కచ్చేరిలో అర్జీ రాసిపెట్టే బోధకుడు కావాలి, కలెక్టరుతో మాట్లాడే దొర కావాలి. వ్యవస్థీకృత మతం అని మనం విసుక్కునేది ఆ పల్లెకు మొదటిసారి దొరికిన ఆసరా. అంతకుముందు వాళ్లకు వ్యవస్థలు లేవని కాదు, ఉన్నవన్నీ వాళ్ల నెత్తిమీద ఉన్నాయి.

తర్వాత 1876–78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆపేశారు. కరువు సాయం ముగిసిన తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. వాళ్లలో ఎందరి లోపల మార్పు వచ్చిందో ఎవరు చూశారని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అడగాల్సిందే. అంతమందిని ఒక్క పూట పరీక్షించడం మనిషి వల్ల కాదు, పల్లె పెద్దలు తెచ్చిన మనుషుల్ని బోధకుల మాట మీద నమ్మడమే. అయితే ఆ ప్రశ్న పల్లెవాడినే అడుగుతాం. కొండవీటి రెడ్డిగారి కుటుంబమో గుంటూరు వకీలుగారి కుటుంబమో తాతల నాటి దేవుణ్ని కొలుస్తుంటే, మీ అంతరంగంలో నిజంగా మార్పు వచ్చిందా అని ఎవరూ అడగరు. గుంపుగా పుట్టి గుంపుగా కొలవడం వాళ్లకు సంప్రదాయం, పల్లెకు మాత్రం అనుమానం.

సంఘాన్ని ఇంతగా వెనకేసుకొస్తున్నానని మిషను కాంపౌండు వైపు కూర్చున్నవాళ్లు సంతోషించనక్కరలేదు. ఆ సంఘమే తర్వాత ఏం చేసిందో కూడా మనకు తెలుసు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ వస్తువులతో పద్యాలు రాస్తున్నాడని సంఘ పెద్దలు వెలివేశారని చెబుతారు. ఊళ్లో అస్పృశ్యుడు, సంఘంలో అనుమానితుడు. ఆ జాషువాయే "క్రీస్తు చరిత్ర" రాసి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి తెచ్చుకున్నాడు. పద్యాన్ని భరించలేని సంఘానికి ఆయన ఇచ్చిన జవాబు మళ్లీ పద్యమే.

స్త్రీల సంగతి వేరే ఎత్తాలి, ఎందుకంటే నా వాదానికి అది ఎదురు తిరుగుతుంది. వ్యక్తిగత విశ్వాసం ఆధారం ఉన్నవాళ్ల సౌకర్యమని ఇప్పటిదాకా అన్నాను. మద్రాసులో బాప్తిస్మం లేకుండా క్రీస్తును మాత్రమే కొలిచేవాళ్ల గురించి హెర్బర్ట్ హోఫర్ 1991లో పుస్తకం వేశాడు. సంఘం లేని క్రైస్తవం అని దాని పేరు. అందులో కనిపించే ముఖాల్లో చాలా భాగం హిందూ ఇళ్లలోని ఆడవాళ్లవి. బాప్తిస్మం తీసుకుంటే మొగుడు ఊరుకోడు, అత్తవారు గడప దాటిస్తారు, కూతుళ్ల పెళ్లిళ్లు ఆగుతాయి. అందుకని వంటింట్లో, గొంతు పైకి రాకుండా ప్రార్థన. మన తెలుగు ఊళ్లలో కూడా శుక్రవారం ఉపవాస ప్రార్థనకు చీర కొంగు తలమీద వేసుకుని వచ్చి, చివరి పాట కాకముందే లేచి వెళ్లిపోయే అక్కలు ప్రతి పాస్టరుకూ తెలుసు. వాళ్ల విశ్వాసం వ్యక్తిగతమైనది, కాని ఎంచుకుని కాదు. బయట తలుపు వేసి ఉంది. వాళ్లను సుబ్బారావుతో ఒక గాటన కట్టలేను.

పండిత రమాబాయి మాత్రం రెండు తలుపులూ తోసింది. 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో బాప్తిస్మం పొందింది. వెంటనే అక్కడి సన్యాసినులతో వాదానికి దిగింది. బ్రాహ్మణ పురోహితుల కాడి దించుకున్నది మరో పురోహితుల కాడి మోయడానికి కాదని ఉత్తరాల్లో తేల్చి చెప్పింది. అంత స్వతంత్రంగా మాట్లాడిన మనిషి తర్వాత కేడ్‌గావ్‌లో ముక్తి అని ఎంత పెద్ద సంస్థ కట్టిందో చూడండి. వితంతువులకు, కరువులో దిక్కులేని పిల్లలకు అన్నం, బడి, పని, అచ్చుయంత్రం. అంతరంగ స్వేచ్ఛ కోరిన మనిషి కూడా, మరొకరికి అన్నం పెట్టాలంటే వంటశాల కట్టాలి, జమాఖర్చు రాయాలి.

సర్కారు కూడా ఈ తగాదాలో ఒక పక్షమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే కట్టడి చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు బీసీ–సీలో, ఒక్క శాతం కోటాలో ఉన్నారు. అందుకని ఏం జరుగుతోందో ఈ సభలో నేను విడమరచి చెప్పనక్కరలేదు. సర్టిఫికెట్‌లో ఒకటి, సంఘం పుస్తకంలో ఒకటి. పిల్లవాడికి సీటు కావాలంటే తండ్రి తన బాప్తిస్మం కాగితం బీరువాలో దాచాలి. నా విశ్వాసం నా వ్యక్తిగతం అన్న మాట అతని నోట కూడా వస్తుంది, ఎమ్మార్వో ఆఫీసులో. అక్కడ అది తత్త్వం కాదు, ఆత్మరక్షణ. కులం మతంతో పోదని తెలిసిన దేశం, కులం వల్ల కలిగిన హక్కు మాత్రం మతంతో పోతుందని అంటోంది. అతన్ని అబద్ధాలకోరు అనేవాళ్లు ముందు ఆ ఉత్తర్వు చదవాలి.

మళ్లీ సంఘం సంగతికి వద్దాం. భక్తసింగ్ గురించి చెప్పకుండా హైదరాబాదు క్రైస్తవం గురించి మాట్లాడలేం. పంజాబు సిక్కు, ఇంగ్లండులోనూ కెనడాలోనూ ఇంజనీరింగు చదివాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొంది, మరుసటి ఏడు దేశానికి తిరిగొచ్చాడు. మిషన్ల పేర్లు, శాఖల పేర్లు వద్దన్నాడు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, తర్వాత హైదరాబాదులో హెబ్రోను అనే సంఘాలు మొదలుపెట్టాడు. 2000 సెప్టెంబరులో ఆయన హైదరాబాదులోనే పోయాడు. హెబ్రోను ఆరాధనల్లో బల్లలు లేవు, అందరూ చాపల మీద కూర్చునేవారు. మహాసభలప్పుడు వేల మందికి ప్రేమవిందు వండేవారు. ఎవరి పక్కన ఎవరి విస్తరి పడుతుందో ఎవరూ చూసి వేయరు. నాకు ఆయన ప్రసంగాలకంటే ఆ పంక్తి భోజనం గొప్పగా కనిపిస్తుంది. కులం మనసులో పోయిందని చెప్పుకోవడానికి ఏకాంత ప్రార్థన చాలు, పోయిందని చూపడానికి పక్కన ఇంకొకడు కూర్చుని తినాలి. వ్యవస్థ వద్దన్న మనిషి వందల సంఘాలు నెలకొల్పాడంటే అందులో నాకు వైరుధ్యం కనిపించదు.

వైరుధ్యం ఇంకోచోట ఉంది. పాత శాఖలు వద్దని బయటికొచ్చిన పిల్లలు చాలామంది చేరుతున్నది వ్యక్తిగత విశ్వాసంలోకి కాదు, వ్యక్తి పేరిట నడిచే మినిస్ట్రీలోకి. ఫ్లెక్సీ మీద దైవజనుడి ఫొటో, పక్కన అమ్మగారి ఫొటో, త్వరలో కొడుకు ఫొటో. ట్రస్టులో ఇంటిల్లిపాదీ. దశమభాగం ఫోన్‌పేలో. మన సి.ఎస్.ఐ.లోనో లూథరన్ సంఘంలోనో కనీసం కమిటీ ఉంటుంది, ఓటు ఉంటుంది, లెక్క అడిగి పాస్టరుతో మాటలు పోగొట్టుకునే మాస్టారు ఒకరుంటారు. అక్కడ లెక్క అడిగితే అభిషిక్తుడి మీద చెయ్యి ఎత్తినట్టు. నిజాయితీగా, పేదరికంలో, అద్దె గదుల్లో సంఘాలు నడిపే స్వతంత్ర పాస్టర్లు నాకు తెలుసు, వాళ్లకు ఇది తగలదు. కాని మతసంస్థను కాదని పోయినవాడు ఎక్కడికి పోయాడన్నది చూడకుండా, పోవడాన్నే విడుదల అనడం నాకు ఒప్పుదల కాదు.

మాస్టారి లెక్కల పుస్తకాలు వారి అబ్బాయి నాకు చూపించారు. చందా బాకీల పట్టీ పక్కన పెన్సిలుతో ఒక గుర్తు ఉంటుంది. బాకీ ఉన్న కుటుంబంలో ఎవరైనా పోతే సమాధుల తోటలో చోటు ఇవ్వాలా వద్దా అని కమిటీలో తగవు వచ్చినప్పుడల్లా ఆయన పెట్టిన గుర్తు అది. చాలా ఊళ్లలో ఇదే తగవు. సభ్యత్వం కట్టలేదని శవాన్ని వాకిట్లో పెట్టుకుని బేరమాడించిన సంఘాలున్నాయి. చర్చితో పని లేదన్న మనిషికి కూడా చివరికి ఆరడుగుల నేల కోసం చర్చితో పని పడుతుందని పెద్దలకు తెలుసు, ఆ తెలివి మీదే పెత్తనం నడుస్తోంది. వ్యక్తిగత విశ్వాసం మీద నాకున్న గౌరవం ఇక్కడ తేలాలి, ప్రసంగంలో కాదు.

అందుకని సంఘ పెద్దల ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, చందా బాకీ ఉందని గానీ, ఆరాధనకు రావడం మానేశారని గానీ ఎవరికీ సమాధి నిరాకరించరాదు. రెండు, సంఘం పుస్తకంలో బాప్తిస్మం లేని విశ్వాసులకు ఒక పేజీ ఉండాలి. అందులో పేరు రాయడం వాళ్లు అడిగితేనే, వాళ్లు చెప్పిన పేరుతోనే, ఆ పేజీ ఎవరికీ చూపకూడదు. పేరున్నవాళ్లకు జబ్బు చేస్తే వెళ్లి చూడాలి, పోతే తోటలో చోటివ్వాలి. రెండో తీర్మానం మీద అభ్యంతరాలు వస్తాయని తెలుసు. డయోసీసు నియమావళి ఒప్పుకోదనేవారు అది ఏ నిబంధనో చూపించండి, దాన్ని మార్చే దారి వెతుకుదాం. ముసాయిదా ప్రతులు బల్ల మీద పెట్టాను. వచ్చే జనరల్ బాడీ ఎజెండాలో చేర్చాలంటే సభ్యుల సంతకాలు కావాలట. సభ ముగిశాక పెన్ను పట్టుకుని అక్కడే ఉంటాను.